స్నానము తరువాత కుక్కలకు దురద ఎందుకు కలుగును?

కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతాలలో కుక్క లేని కళ్లము గాని, కుక్క లేని గొర్రెల మంద గాని అరుదు. వేరుసెనగ కాయ ఆరబోసినా, ఉల్లిగడ్డ గుట్టవేసినా రాత్రి కావలి దానిదే. ఎరువు కోసం పొలములో మంద కట్టించుకొనే రైతుకు కాపరితో పాటు ఆ మందకుక్క కూడ అవసరమే. ఒక రాత్రి మందపై తోడేలు పడితే కలిగే నష్టము ఎంతో కాపరులకు వేరుగా చెప్పనక్కరలేదు. రాత్రంతా కూర్చుండి గోకుకొనే కుక్క కావలి కాయలేదు.

ఇటువంటి కుక్కలను గురించి రైతులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి కలదు. "మురికి పట్టినదని సబ్బు పెట్టి శుభ్రముగా కడిగినాము. కడిగిన మరునాటి నుండి ఇంకా ఎక్కువగా గోకుకొంటున్నది. ఏ మందు వేయవలెను?" అని. ఇది పశువైద్యుని అడగవలసిన ప్రశ్న. అయినా వ్యవసాయాధికారి వద్దకు వచ్చుటకు కారణము లేకపోలేదు. అడిగే రైతు మనసులో అప్పటికే ఒక మందు ఉండును. అది ప్రత్తికి కొట్టగా మిగిలిన పురుగుమందు. "ఒక మూత నీళ్లలో కలిపి పోయవచ్చునా?" అన్నదే అసలు ప్రశ్న. పోయరాదు. ఎందుకు పోయరాదో చెప్పుటకు ముందు, దురద ఎక్కడినుండి వచ్చినదో తెలుసుకొనవలెను. దురద మొదలైన వేళను బట్టి కారణము చాలవరకు తెలియును.

కుక్క చర్మము మన చర్మము వంటిది కాదు

మనిషి చర్మపు పైపొరలో సుమారు 10 నుండి 15 వరుసల కణములు ఉండగా, కుక్క చర్మములో 3 నుండి 5 వరుసలు మాత్రమే ఉండును. పైన దట్టమైన వెంట్రుకలు ఉన్నందున ప్రకృతి దానికి అంత మందపు తోలు ఇవ్వలేదు. ఆ పలుచని తోలును కాపాడునది చర్మము నుండి ఊరే కొద్దిపాటి జిడ్డు. ఈ జిడ్డు వెంట్రుకల మొదళ్లకు పట్టి, లోపలి తేమ ఆరిపోకుండా, బయటి క్రిములు లోపలికి పోకుండా అడ్డుపడును. మనము "మురికి" అని తోమివేసే దానిలో ఈ జిడ్డు కూడ ఉన్నదని గుర్తించవలెను.

భూసార పరీక్ష చేయించుకొన్న రైతులకు ఉదజని సూచిక, అనగా పి.హెచ్., అను మాట తెలిసే ఉండును. అది 7 అయినచో తటస్థము. తగ్గినచో పులుపు, పెరిగినచో క్షారము. మన నల్లరేగడి నేలలలో ఇది 8కి పైన కనబడుట సామాన్యము. మనిషి చర్మము కొంచెము పులుపు వైపు, 5 ప్రాంతములో ఉండును. కుక్క చర్మము 7కు దగ్గరగా ఉండును. ఒంటికి రుద్దుకొనే సబ్బుబిళ్ల నురుగు సాధారణముగా 9 నుండి 10 వరకు ఉండును. బట్టల సబ్బు, సబ్బుపొడి, చాకలి సోడా ఇంకను ఘాటైనవి. చౌడు తేలిన నేలలో మొలక ఎట్లు మాడిపోవునో రైతులు చూచినదే. పదేపదే సబ్బు పడిన కుక్కతోలు కూడ అదే విధముగా ఎండి, పొట్టు రాలి, చిటచిటలాడును. కుక్క గోకుకొనును. గోకుటవలన గీతలు పడును. అది చూచి యజమాని "ఇంకా మురికి పోలేదు" అని తిరిగి సబ్బు పెట్టును. ఇక్కడనే వ్యాధి మొదలగును.

నీటి దోషము

సబ్బు ఒక్కదానినే తప్పుపట్టుట కూడ సరికాదు. ఈ ప్రాంతములో అనేక బోరుబావుల నీరు కఠినజలము. ఆ నీటిలో సున్నపు లవణములు కరిగి ఉండును. సబ్బు ఎంత రుద్దినా నురుగు రాకపోవుట, నీళ్లు కాచిన పాత్ర అడుగున తెల్లని పెచ్చు కట్టుట దీనికి గుర్తులు. సబ్బు ఈ లవణములతో కలిసి, నీటిలో కరగని తెల్లని జిగటగా మారును. చేనేత పని తెలిసినవారికి ఇది కొత్త సంగతి కాదు. పట్టునూలును సబ్బునీటిలో ఉడికించి జిగురు తీయునప్పుడు నీరు కఠినమైనచో తెల్లని పొర నూలుకు అంటుకొని రంగు సమముగా పట్టదు. కుక్క వెంట్రుకల సందులలో అంటుకొన్నది కూడ ఆ పొరయే. అది ఎండిన తరువాత పొడిపొడిగా చర్మముపై నిలిచి దురద పుట్టించును. పైకి చూచుటకు చుండ్రు వలె ఉండును గాని, చాలసార్లు అది కడుగకుండా మిగిలిన సబ్బు మాత్రమే.

ఇందుకు సులభమైన ఉపాయము, ఆరోగ్యముగా ఉన్న ఊరకుక్కకు, మందకుక్కకు అసలు సబ్బు వాడకపోవుటయే. ఉత్త నీటి స్నానము చాలును. సబ్బు వాడక తప్పనప్పుడు వాన కాలములో మిద్దె మీదినుండి పట్టిన నీరు గాని, చెరువు నీరు గాని చివర కడుగుటకు ఉంచుకొనవలెను. అదియును లేనిచో బోరునీటిని మరగకాచి చల్లార్చి, అడుగున సున్నము దిగిన తరువాత పైతేట నీటిని వాడినచో కఠినత్వము కొంతవరకు తగ్గును. ఒక కుక్క కోసము ఇంత శ్రమ ఎవరు పడుదురని కొందరు అనవచ్చును. సబ్బు మానుకొన్నవారికి ఈ శ్రమయు లేదు.

ఏది మామూలు, ఏది కాదు

స్నానము కాగానే కుక్క దులుపుకొని, నేలమీద దొర్లి, అటునిటు పరుగెత్తుట జబ్బు కాదు. తడి వదిలించుకొనుటకు, సబ్బు వాసన పోగొట్టి తన వాసన తిరిగి తెచ్చుకొనుటకు అది చేయు పని. అరగంటలో సర్దుకొనును. ఒళ్లు ఆరిన తరువాత మొదలై ఒకటి రెండు దినములు ఒళ్లంతా గోకుకొని, చర్మము పొడిబారి కనబడినచో సబ్బు, నీరు కారణమని అనుమానించవలెను. ఒక్కచోటనే నాకుచు, కొరుకుచు ఉండి అక్కడ చెమ్మగా ఎర్రబడినచో తడి నిలిచినదని అర్థము. స్నానమునకు ముందునుండియే గోకుకొనుచున్న కుక్క అయినచో నేరము స్నానముది కాదు, ఒంటిమీది పురుగులది గాని గజ్జిది గాని అగును.

స్నానము చేయించు విధము

రేగడి బురద పట్టిన కుక్కను వెంటనే తడుపరాదు. బురద పూర్తిగా ఎండనిచ్చి చేతితో నలిపి, దువ్వెనతో గాని గరుకు గుడ్డతో గాని దులిపినచో చాలభాగము రాలిపోవును. తడిపినచో అదే మట్టి జిగటయై వెంట్రుకల మొదళ్లకు దిగును. దులుపునప్పుడే కాలివేళ్ల సందులు చూడవలెను. పల్లేరుకాయ ముళ్లు, ఎండిన మట్టిబెడ్డలు అక్కడ ఇరుకుకొని కుంటుటకు, నాకుటకు కారణమగును. స్నానము చేయించిన తరువాత కాళ్లు నాకుకొనుట చూచి సబ్బును నిందించుటకు ముందు ముల్లును వెదకుట మంచిది.

నీరు వేడిగా ఉండరాదు. ఎండకాలములో తొట్టిలోని నీరు, చలికాలములో గోరువెచ్చని నీరు చాలును. మే నెల ఎండలో బయట ఉన్న గొట్టము నుండి మొదట వచ్చు నీరు కాలును. కొంతసేపు వదిలిన తరువాతనే వాడవలెను. స్నానము ఉదయముననే చేయించినచో ఆరుటకు వ్యవధి ఉండును. పాలు తాగే పిల్లలను చలిలో తడుపుట అసలు మంచిది కాదు.

సబ్బు అవసరమైనచో పశువుల మందుల దుకాణములలో కుక్కలకని ప్రత్యేకముగా దొరకు షాంపూను వాడవలెను. దానిని సీసా నుండి నేరుగా వీపుమీద పోయక, చెంబెడు నీటిలో కలిపి పోయుట మేలు. కుంకుడుకాయ గురించి పలువురు అడుగుదురు. సబ్బు కన్న ఇది చర్మమునకు తక్కువ ఘాటు గాని, కంటిలో పడినచో ఎంత మంటయో మనకందరికి చిన్ననాటినుండి తెలిసినదే. కుక్క నాకినచో కడుపు తిప్పును. పలుచగా చేసి, మెడ కిందినుండి మాత్రమే పోసి, బాగుగా కడిగివేయవలెను. తలకు తడిగుడ్డ చాలును.

అన్నిటికన్న ముఖ్యమైనది కడుగుట. రుద్దిన దానికంటె ఎక్కువసేపు కడుగవలెను. కడుపు కింద, చంకలలో, తోక మొదట, మెడపట్టీ కింద వేళ్లు పెట్టి చూచి, జారుడు తగులక, కిందపడే నీరు తేటగా ఉన్నంతవరకు పోయవలెను. నీటి కరువు ఉన్న వేసవిలో ఇది కష్టమే. రెండు బిందెల నీరు మాత్రమే ఉన్నచో ఒక బిందె సబ్బునకు, ఒక బిందె కడుగుటకు అని పంచుకొనక, సబ్బు మానివేసి రెండు బిందెలు ఉత్తనీరే పోయుట తెలివైన పని.

ఎన్ని దినములకు ఒకసారి? ఇంటిలో పెంచుకొనే కుక్కకు నెలకు ఒకసారి చాలును. పొలము కుక్కకు మురికి పట్టినప్పుడు మాత్రమే. ప్రతి ఆదివారము ట్రాక్టరుతో పాటు కుక్కను కూడ కడుగు అలవాటు కొందరికి కలదు. ట్రాక్టరునకు అది మంచిదే.

తడి నిలుచుటవలన వచ్చు పుండ్లు

దట్టమైన బొచ్చు గల అల్సేషను వంటి జాతి కుక్కలను ఆదోని, ఎమ్మిగనూరు పట్టణములలో ఇప్పుడు పలువురు పెంచుచున్నారు. వీటికి పైవెంట్రుకలు ఆరినట్లు కనబడినా లోపలి నూగు తడిగానే ఉండును. వెచ్చని తడిలో క్రిములు త్వరగా పెరుగును. కుక్క అక్కడ నాకి కొరికి, ఒక పూటలోనే అరచేయి అంత మేర వెంట్రుకలు ఊడి, రసి కారు ఎర్రని పుండు పడవచ్చును. కావున పాత నూలుగుడ్డతో అద్ది, మొదళ్లవరకు వేళ్లు పోనిచ్చి గాలి ఆడునట్లు ఆరబెట్టవలెను. చెవులలో నీరు పోకుండా చూచి, పోయినచో మెత్తని గుడ్డతో పైపైన తుడువవలెను. తల విదిలించుట, చెవి గోకుట, వాసన వచ్చుట ఉన్నచో చెవి లోపల చెడినదని గ్రహించి వైద్యునికి చూపవలెను. పుల్లలు, నూనెచుక్కలు పెట్టరాదు.

ఇంకొక ప్రమాదము అంతగా ఎవరికిని తెలియదు. నీరు కలిపిన షాంపూను గాని, నానబెట్టిన కుంకుడు రసమును గాని డబ్బాలో ఉంచి వారము తరువాత తిరిగి వాడుదురు. అట్టి నీటిలో కొన్ని మొండి క్రిములు పెరుగును. గట్టిగా రుద్దుటవలన వెంట్రుకల మొదళ్లలోనికి పోయి ఒకటి రెండు దినములలో వీపుమీద నొప్పితో కూడిన గుల్లలు, జ్వరము కలిగించును. ఇది దురద కాదు. ముట్టుకొన్నచో కుక్క మూలుగును, మేత మానును. ఆలస్యము చేయక పశువైద్యశాలకు తీసికొనిపోవలెను. ఏ పూటకు కలిపినది ఆ పూటకే వాడి పారబోసినచో ఈ బెడద ఉండదు.

స్నానమునకు ముందే ఉన్న దురద

ఈ ప్రాంతములో కుక్కల దురదకు పిడుదులు పెద్ద కారణము. చెవుల లోపల, మెడచుట్టు, వేళ్ల సందులలో చూచినచో కనబడును. స్నానమువలన పిడుదులు పోవు. నోటిని చర్మములో గుచ్చి పట్టుకొన్న పురుగును నీరు కదలించలేదు. పైగా రక్తము తాగి నిండిన ఆడ పిడుదు కుక్కను వదిలి, గోడ పగులులోనికి పోయి అక్కడ వేలకొలది గుడ్లు పెట్టును. మట్టితో కట్టిన రాతిగోడలు, నాపరాళ్ల సందులు దానికి అనువైన చోట్లు. కుక్కకు ఎంత మందు వేసినా పగుళ్లను విడిచినచో పదునైదు దినములలో మళ్లీ కథ మొదటికి వచ్చును. పగుళ్లను సున్నముతో గాని సిమెంటుతో గాని పూడ్చి, కుక్క పడుకొనే చోటును ఊడ్చి, గోనెపట్టాలను మరిగే నీటిలో వేసి ఎండబెట్టవలెను. పిడుదులు కుక్కలకు రక్తమును క్షీణింపజేయు జ్వరములను కూడ అంటించును గనుక దీనిని దురదగా మాత్రమే ఎంచరాదు.

ఎగిరి గంతువేయు చిన్న గోధుమరంగు పురుగులను ఫ్లీలు అందురు. తోక మొదట, తొడల వెనుక కుక్క కొరుకుకొనుచున్నచో వీటిని అనుమానించవలెను. తడిగా ఉన్న తెల్లని గుడ్డపై కుక్కను దువ్వినప్పుడు రాలిన నల్లని రేణువులు ఎర్రగా కరిగినచో అవి ఫ్లీల మలమే. అందులో ఉన్నది కుక్క రక్తము. స్నానములో పెద్ద పురుగులు కొన్ని కొట్టుకొనిపోవును గాని, గుడ్లు, పిల్లపురుగులు పడకలోనే ఉండును. అందుచేతనే మూడునాళ్ల ముచ్చటగా దురద తగ్గి మళ్లీ హెచ్చును.

గజ్జి వేరు. చెవి అంచులు, మోచేతులు మొదట బోడియై పొక్కు కట్టును. రాత్రివేళ దురద భరింపరానిదిగా ఉండును. చెవి అంచును రెండు వేళ్ల మధ్య మెల్లగా నలిపినప్పుడు కుక్క వెనుక కాలు తనంతట తానే గోకునట్లు ఆడినచో గజ్జి అని గట్టిగా అనుమానించవచ్చును. ఇది ఇతర కుక్కలకు అంటును. ఎత్తుకొనే పిల్లల చేతులమీద కూడ కొన్నాళ్లు దద్దురులు లేచును. గుండ్రముగా వెంట్రుకలు ఊడినచో తామర కావచ్చును. అదియును మనుషులకు అంటునదే. వీటికి సబ్బు మందు కాదు. వైద్యుడు చర్మమును గీచి సూక్ష్మదర్శినిలో చూచి తగిన మందు చెప్పును.

వ్యవసాయాధికారిగా ఒక మాట కలుపుట అవసరము. గట్లమీద, బీళ్లలో పెరిగే వయ్యారిభామ మనుషుల చర్మమునకు, పశువుల చర్మమునకు దురద కలిగించు కలుపు. కడుపు కింద మాత్రమే ఎర్రబడిన కుక్క ఎక్కడ పడుకొనుచున్నదో ఒకసారి చూచి, ఆ మొక్కలను పూతకు రాకముందే పీకివేయవలెను. చేతులకు తొడుగులు మరువరాదు.

ప్రత్తి మందు కుక్కకు విషము

ఇక మొదట చెప్పిన మాట. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి మందులు పురుగు నరములను ఏ విధముగా చెరచునో, కుక్క నరములను, మనిషి నరములను కూడ ఆ విధముగానే చెరచును. నరము నుండి కండకు కబురు చేర్చు పదార్థము పని అయిన తరువాత విరిగిపోవలెను. ఈ మందులు దానిని విరుగనీయవు. కండలు ఆగక అదురును, నోట చొంగ కారును, కంటిపాప చిన్నదగును, విరేచనములు పట్టును, చివరకు ఊపిరి ఆడదు. చర్మముపై పడినా చాలును, లోపలికి ఇంకును. సబ్బుతో జిడ్డు పోయి, గోకుటవలన గీతలు పడిన చర్మములో మరింత త్వరగా ఇంకును. కుక్క ఒళ్లు నాకుకొనును గనుక నోటినుండి కూడ లోపలికి పోవును. అనగా దురదతో బాధపడు కుక్కయే ఈ మందునకు అందరికంటె ముందు బలియగునది.

"ఒక మూత" అను కొలత ప్రత్తి చేనికి తయారైనది. సీసాపై ఏటవాలుగా నిలిపిన చతురస్రములో కింది త్రికోణపు రంగు చూడవలెను: ఎరుపు అత్యంత విషపూరితము, తరువాత వరుసగా పసుపు, నీలము, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్నంత మాత్రమున కుక్కకు పోయవచ్చునని అర్థము కాదు. పంట పేరు, పురుగు పేరు కాగితముపై అచ్చువేసి ఉండును. కుక్క పేరు అందులో ఉండదు. వెనుక గమాక్సిన్ పొడిని కోళ్లకు, కుక్కలకు చల్లిన రోజులను పెద్దలు కొందరు చెప్పుదురు. ఆ బి.హెచ్.సి. పొడిని మన దేశములో 1997లో నిషేధించినారు. ఏ మూలనైనా పాత పొట్లము మిగిలి ఉన్నచో ముట్టరాదు. గొర్రెలను ముంచగా మిగిలిన మందునీటిలో కుక్కను ముంచుట, కిరోసిన్, వాడేసిన ఇంజను నూనె, ఫినాయిలు పూయుట కూడ చర్మమును కాల్చి, నాకినచో లోపలి అవయవములను చెరచునవే. పశువులకు వాడే పిడుదుమందులు కొన్ని కుక్కలకును పనికివచ్చును గాని మోతాదు పశువైద్యుడే చెప్పవలెను. పెర్మెత్రిన్ అను మందు కుక్కకు సరిపోయినా ఇంటి పిల్లికి ప్రాణాంతకము. మనుషుల నొప్పి మాత్రలు కుక్కకు ఇవ్వరాదు.

పొరపాటున ఎవరైనా పురుగుమందు పోసినచో, చేతులకు తొడుగులు వేసికొని వెంటనే ఎక్కువ నీటితో, కొద్దిగా సబ్బుతో కడిగివేయవలెను. సబ్బు వాడవలసిన అత్యవసర సందర్భము ఇది. నూనెగాని పాలుగాని తాగించరాదు, వాంతి చేయించరాదు. కడిగిన నీరు పశువుల తొట్టిలో, చెరువులో కలువరాదు. మందు సీసాను కాగితముతో సహా వెంట తీసికొని పశువైద్యశాలకు పోవలెను. మందు పేరు తెలిసినచో వైద్యుడు విరుగుడుగా అట్రోపిన్ సూది వేయుటకు ఆలస్యము కాదు. వాహనము దొరకనిచో 1962 నంబరునకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనమును గురించి అడుగవచ్చును.

దురద మాత్రమే ఉన్న కుక్కకు మొదటి మూడు దినములు చేయవలసినది తక్కువ. సబ్బు మాని, ఒకసారి మెత్తని నీటితో బాగుగా కడిగి, ఆరబెట్టి, నీడలో పొడి పడక వేసి, ఒంటిమీద పిడుదులను వెదకవలెను. దొరికిన పిడుదును చిమటాతో చర్మమునకు ఆనించి పట్టి నిదానముగా లాగవలెను, వేళ్లతో నలుపరాదు. మూడు దినములలో తగ్గనిచో, లేక పుండు, దుర్వాసన, జ్వరము, మేత మానుట కనబడినచో వైద్యునికి చూపవలెను.

దురదతో ఉన్న కుక్క చికాకులో యజమానిని కూడ కరచును. స్నానమునకు ముందు దానికి రేబిస్ టీకా వేయించినారో లేదో చూచుకొనుట అవసరము. కరచినచో, పన్ను గీచుకొన్నా సరే, గాయమును సబ్బుతో, పారే నీటితో 15 నిమిషములు కడిగి, పసుపు, కారము, సున్నము వంటివి పెట్టక, అదే దినమున ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి టీకా మొదలుపెట్టించుకొనవలెను.